నేను అతికించిన కన్ను

పద్నాలుగేళ్లుగా ఒక మాట నన్ను తింటోంది. "ఏం లేదు చెల్లె." అంతే, మూడు ముక్కలు. అన్నప్పుడు తేలిగ్గానే నోట్లోంచి జారిపోయాయి. ఆ తర్వాత వాటిని వెనక్కి తీసుకునే ధైర్యం ఒక్క రోజూ రాలేదు. అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తాయి. ఎవరి పిల్లకో పుట్టు వెంట్రుకలు తీస్తుంటే కెమెరా పట్టుకున్న చేతికి గుర్తొస్తాయి. నా భార్యకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ముందు మీకు చెప్పగలిగితే, చెప్పాల్సిన మనిషికి కూడా చెప్పగలనేమోనని ఒక ఆశ.

పేరు అడక్కండి. పిరికితనమంటారా, అనండి, కాదనను. మానుకోట నుంచి కురవి పోయే దారిలో ఒక చిన్న సెంటరు, అందులో ఒక ఫోటో స్టూడియో అనుకోండి చాలు.

నా పనేమిటో ముందు చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. పెళ్లి ఫోటోలో పదిమంది నిలబడితే ఒకడు కళ్లు మూస్తాడు. ఎంత బతిమాలినా సరిగ్గా ఫ్లాష్ పడే క్షణానికే మూస్తాడు. అప్పుడు వేరే ఫోటోలోంచి వాడి కళ్లు కోసుకొచ్చి ఇందులో అతికిస్తాం. చచ్చిపోయిన ముసలాయనకు ఉన్న ఒక్క ఫోటోలో కళ్లు సగం వాలి ఉంటాయి, వాటిని తెరిపిస్తాం. గాటుంటే పూడుస్తాం, మచ్చుంటే తుడుస్తాం. మాకు పని నేర్పినాయన ఒకటే చెప్పేవాడు, కస్టమరు చూడకముందే లోపం పోవాలని. కళ్ల పనిలో మా చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని పేరు. "నీ చేతిల ఏమున్నదో గానీ అన్నా" అనేవాళ్లు. నేను పొంగిపోయేవాణ్ని. ఆ పొంగే నన్ను ముంచింది. కాదు, తప్పు. నన్నేం ముంచలేదు. వేరేవాళ్లను ముంచింది.

ఆ ఏడాది ఎండాకాలంలో మా బడిలో కంటి శిబిరం పెట్టారు. ఫోటోలు తీయడానికి నన్ను పిలిచారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక డాక్టరమ్మ నా పక్కన కూర్చుని కెమెరాలో ఫోటోలు చూస్తూ, చిన్నపిల్లల ఫోటోలు బాగా తీస్తారా అని అడిగింది. మాకు పని వాళ్లతోనే కదమ్మా అన్నాను. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి అంది. ఫ్లాష్‌తో తీసినప్పుడు కంటిపాప ఎర్రగా పడితే భయం లేదట. ఒక కన్ను ఎర్రగా పడి, రెండోది తెల్లగా, పిల్లి కన్ను మెరిసినట్టు పడితే మాత్రం ఆగి చూడమంది. ఒక్క ఫోటోలో వస్తే పక్క చూపు వల్ల కావచ్చు, మళ్లీ తీయండి, మళ్లీ అదే కంట్లో తెలుపొస్తే ఆ పిల్లను ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి పంపండి అంది. కంటి లోపల గడ్డ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు అంది.

నేను నమ్మలేదు. పాలు తాగే పిల్లలకు క్యాన్సరేమిటి, అది కూడా కంట్లో? ఐదేళ్లలోపు పిల్లలకే ఎక్కువగా వచ్చేది అది అంది. మొదట్లో నొప్పి ఉండదు, పిల్ల ఏడవదు, మామూలుగా ఆడుకుంటుంది, అందుకే ఇంట్లో వాళ్లు పట్టించుకోరు. కొందరికి కన్ను మెల్ల అవుతుంది. మెల్లకన్ను అదృష్టమని ఇంటిల్లిపాదీ మురిసిపోతుంటారు. తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలామందికి కన్ను కూడా దక్కుతుంది అంది. వెళ్తూ వెళ్తూ నవ్వి, మా కంటే ముందు మీకే కనపడుతుంది సుమా అంది.

సరే మేడం అన్నాను. బుద్ధిగా తలూపాను.

తర్వాత సమ్మె వచ్చింది. సకల జనుల సమ్మె. ఆ రోజులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బస్సులు డిపో దాటలేదు, బడులు తెరుచుకోలేదు, ఆఫీసులకు తాళాలు. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే తిండి, రోడ్డు మీదే ఆటపాట. మా సెంటర్లో దీక్షా శిబిరం వేశారు. నేను పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని టెంటు కింద కూర్చునేవాణ్ని. తెలంగాణ నాక్కూడా కావాలి. మా మాట తీరును సినిమాల్లో వెక్కిరిస్తుంటే చూసి చూసి ఒళ్లు మండినవాణ్ని నేను. ఇప్పుడు ఆ ఆవేశాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోవాలని చూస్తున్నానా? ఏమో. చూస్తున్నానేమో. మీరు కనిపెట్టి ఉండండి.

బాలు అని ఒకడుండేవాడు, దగ్గరి తండా మనిషి, ఆటో నడిపేవాడు. శిబిరంలో ముందు వరసలో కూర్చునేవాడు. ఒకరోజు భార్యను, రెండేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. భార్య పేరు శాంతి. కూతురు సింధు. ఇవి వాళ్ల అసలు పేర్లు కావు. ఆ పిల్లకు తెలంగాణ తల్లి వేషం వేశారు. అట్టతో చేసిన కిరీటం, మడతలు పెట్టి కట్టిన ఆకుపచ్చ చీర, చేతిలో మొక్కజొన్న కంకి. ఆ కంకిని కొరుక్కు తింటూ జనాన్ని చూసి కిలకిలా నవ్వుతోంది. టెంటంతా చప్పట్లు. లోపల వెలుతురు తక్కువ, ఫ్లాష్ వేసి ఎనిమిది ఫోటోలు తీశాను.

శిబిరం నడిపే కమిటీ వాళ్లు వెంటనే నన్ను పట్టుకున్నారు. మర్నాడు పెద్ద నాయకుడొకాయన శిబిరానికి వస్తున్నాడు, ఈ పిల్ల ఫోటోతో చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాలి, సాయంత్రంలోపు ఫైలు ప్రింటుకు మానుకోట చేరాలి. అప్పటికి కరెంటు దైవాధీనం. భూపాలపల్లిలో గనుల వాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు, బొగ్గు లేదు, కోతల మీద కోతలు. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కంప్యూటరు ముందు కూర్చుని ఫోటో తెరిచాను. మొహం దగ్గరికి జరిపి పెద్దది చేశాను.

కుడి కన్ను ఎర్రగా ఉంది. ఎడమ కన్ను తెల్లగా ఉంది.

రెండో ఫోటో తెరిచాను. తెలుపు. మూడోది. తెలుపు. ఎనిమిదింట్లో అయిదు ఫోటోల్లో పిల్ల కెమెరా వైపు సూటిగా చూస్తోంది, అయిదింట్లోనూ ఎడమ కన్నే, అదే తెలుపు, పాలచుక్క వేసినట్టు. డాక్టరమ్మ చెప్పింది మాట మాటా గుర్తొచ్చింది. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఆ మాట మీరు మర్చిపోకూడదు, నేను కూడా మర్చిపోకూడదు. నాకు తెలుసు.

మరి ఏం చేశాను?

కుడి కన్ను కోశాను. తిరగేశాను. ఎడమ కంటి మీద అతికించాను. అంచులు కలిపాను, రెండింటి ఎరుపు తీసి నలుపు నింపాను. ఫ్లాష్ వెలుగు కంటిలో ఒక చిన్న చుక్కలా పడుతుంది చూడండి, తిరగేస్తే ఆ చుక్క వేరే వైపుకు పోతుంది. దాన్ని కూడా చెరిపి సరైన వైపు పెట్టాను. అంత చిన్న తేడా ఎవడు చూస్తాడు? ఎవడూ చూడడు. అయినా పెట్టాను. పనితనం మరి! నాలుగైదు నిమిషాలు పట్టింది. వెనక్కి వాలి చూసుకుని మురిసిపోయాను కూడా. సిగ్గులేని మొహం నాది.

చెబుదాంలే అనుకున్నాను. ముందు ఫ్లెక్సీ కానీ, బాలుకు రేపు చెబుదాం. ఎలాగూ బస్సుల్లేవు, ఆస్పత్రికి ఎలా పోతారు, సమ్మె అయ్యాక చెబుదాం. నేను నిజంగానే అలా అనుకున్నానా, లేక ఆ తర్వాత నాకు నేను అల్లుకున్న కథా అది? ఎన్నిసార్లు తవ్వి చూసినా తేలదు. ఫైలు ఇచ్చేశాను. అది తేలిన సంగతి.

తెల్లారేసరికి చౌరస్తాలో పన్నెండడుగుల ఫ్లెక్సీ. నాయకుడు దాని ముందు ఆగి దండం పెట్టాడు. పేపర్లో పడింది. జనం దాని కింద నిలబడి ఫోటోలు దిగారు. ఫోటో తీసిందెవరు అంటే నా పేరు చెప్పారు. జీవితంలో అంతమంది నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నాలుగు రోజులు నేల మీద లేను.

అయిదో రోజు శాంతి వచ్చింది.

స్టూడియోలో కమిటీ వాళ్లిద్దరు కూర్చుని ఉన్నారు, ఇంకో ఫ్లెక్సీ గురించి మాట్లాడుతున్నారు. ఆమె పిల్లను చంకనేసుకుని గడప దగ్గర నిలబడింది. ఎండలో నడిచొచ్చి మొహమంతా చెమట. లోపలికి రమ్మన్నాను. రాలేదు. వాళ్లిద్దరి వైపు చూసి గొంతు తగ్గించింది. ఆ మాటలు ఒక్కటి పొల్లుపోకుండా నాకు గుర్తున్నాయి.

"అన్నా, బిడ్డ కన్ను ఒకటి మెరుస్తాంది. పొద్దూకినంక దీపం ముంగట కూసుంటే తెల్లగ కొడతాంది. మా అత్త ఏం లేదు పోవే అంటాంది. మా ఆయన పెయ్యంత ఉద్యమమే, ఇంటడా? నువ్వు ఫోటోలు తీసినవ్ గదా. ఫోటోల గిట్ల ఏమన్న పడ్డదా?"

"ఎందుకు చెల్లె, ఏం పడతది?"

"తెల్లగ. గీ కంట్ల. జర నిజం జెప్పు అన్నా. నాకు గుబులైతాంది."

కమిటీ వాళ్లలో ఒకడు తలతిప్పి మా వైపు చూశాడు. నా బుర్రలో ఒక్కసారిగా ఎన్ని తిరిగాయో. ఉందని చెబితే, మరి ఫ్లెక్సీలో లేదేమని అడుగుతారు. నేను మార్చానని తెలుస్తుంది. పాడైన కన్నున్న పిల్లను తెలంగాణ తల్లిని చేశాడు, అపశకునం, ఉద్యమానికి కీడు చేశాడు అంటారు. ఫ్లెక్సీ దించేస్తారు. నన్ను మెచ్చుకున్న నోళ్లే నా మొహాన ఉమ్ముతాయి. ఇవన్నీ లెక్కేసుకున్నాను. ఇన్ని లెక్కల్లో పిల్ల కన్ను ఎక్కడుంది? లేదు. ఒట్టు, ఆ క్షణాన లేదు.

"ఏం లేదు చెల్లె," అన్నాను. "గంత పెద్ద ఫ్లెక్సీల సూసినవ్ గదా. పన్నెండడుగులల్ల కనపడనిది నీకెట్ల కనపడతది? దీపం ఎలుగు గట్లనే మోసం జేస్తది."

ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. అది నేను చూడకుండా ఉంటే బాగుండేది. "అవునన్నా, నేను గూడ గదే అనుకున్న. ఫ్లెక్సీల సక్కగనే ఉన్నది. నాదే పిచ్చి," అని పిల్లను ముద్దు పెట్టుకుంది. సింధు నన్ను చూసి చెయ్యి ఊపింది. వాళ్లు ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పిలవచ్చు కదా? ఇరవై అడుగులు కూడా పోలేదు. శాంతీ, జర ఆగు అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. కమిటీ ఆయన ఫ్లెక్సీకి ఏ రంగు బాగుంటుందని అడిగాడు. గులాబీ అన్నాను.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. పెళ్లిళ్లు మొదలయ్యాయి, నాకు ఊపిరాడని పని. తండా వైపు పోవాల్సొస్తే వేరేవాణ్ని పంపేవాణ్ని. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారు. రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్నకు జవాబు మరింత కష్టమైంది. నేను నోరు మూసుకుని ఉన్న ఒక్కో రోజూ పిల్ల కంటిలో ఏం జరుగుతోందో నాకు తెలుసు. తెలిసే బతికాను. తిన్నాను, పడుకున్నాను.

అక్కడ శాంతి ఏం చేసిందో తర్వాత విన్నాను. ఆ మెరుపు పోకపోయినా, ఫోటోగ్రాఫర్ అన్నే ఏం లేదన్నాడు కాబట్టి అది చిన్న నలతే అనుకుంది. పక్క తండాలో ఒక ముసలావిడ కళ్లకు ఆకు పసరు పోస్తుంది. తీసుకెళ్లి మూడు వారాలు పోయించింది. శివరాత్రి నాటికి కన్ను ఎర్రబడి వాచింది. అప్పుడు వరంగల్ పోయారు, అక్కణ్నుంచి హైదరాబాద్ పంపారు. కన్ను తీసేస్తే తప్ప ప్రాణానికి హామీ లేదన్నారు.

ఇక్కడిదాకా నా తప్పు ఒక అబద్ధం. ఇక్కణ్నుంచి చేసినదానికి నాకు పేరు దొరకడం లేదు.

బాలు ఒక్కడే స్టూడియోకి వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి. హైదరాబాద్‌లో డాక్టరు, జబ్బు ఎప్పటి నుంచి ఉందో తెలియడానికి పిల్ల పాత ఫోటోలుంటే తెమ్మన్నాడట. "శాంతేమో సమ్మె నాటి నుంచే మెరుస్తాంది అంటది. నాకైతే యాది లేదన్నా. నీ దగ్గరున్న ఫోటోలు ఇయ్యి," అన్నాడు. అసలు ఫోటోలు నా కంప్యూటర్లోనే ఉన్నాయి, ఎనిమిదికి ఎనిమిది. వాడి ఎదురుగానే కూర్చుని నేను దిద్దినదే తెరిచాను. దాన్నే ప్రింటు తీసి కవర్లో పెట్టి ఇచ్చాను. వాడు చూసుకుని, "గప్పుడు మంచిగనే ఉండె గదనే" అన్నాడు. "మంచిగనే ఉండె" అన్నాను నేను కూడా.

ఆ ఫోటోతో శాంతి మాట అబద్ధమైపోయింది. మీకు అర్థమైందా? సమ్మె నాటికి కన్ను బాగానే ఉంది, ఇదిగో ఫోటో. ఆ తర్వాత పసరు పోసింది. ఆ తర్వాత కన్ను పోయింది. పసరు వల్ల గడ్డ రాదని డాక్టరు చెప్పాడట, కానీ తండాలో ఎవరు విన్నారు? ఫోటో కంటే డాక్టరు ఎక్కువా? నేను చెప్పింది నమ్మి పసరు పోయించిన మనిషి, నేనిచ్చిన కాగితం ముక్కతో దోషి అయింది.

సింధు బతికింది. కన్ను తీశారు, నెలల తరబడి మందు ఎక్కించారు, జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది, బొమ్మ కన్ను పెట్టారు. తెలంగాణ వచ్చిన రోజు చౌరస్తాలో రంగులు చల్లుకుంటుంటే నేను ఫోటోలు తీశాను. జనంలో శాంతి కనపడింది. పిల్లను ఎత్తుకుని ఉంది, పిల్లకు నల్ల కళ్లద్దాలు. నేను కెమెరాను వేరే వైపు తిప్పుకున్నాను.

ఈ పద్నాలుగేళ్లూ ఆ తండాలో ఆమె ఎలా బతికిందో నేను కళ్లారా చూశాను, ఎందుకంటే ఎంతమందిని పంపినా కొన్ని శుభకార్యాలకు నేనే పోవాల్సి వచ్చేది. ఎవరి ఇంట్లో పసిపిల్లుంటే ఆ పిల్ల దగ్గరికి ఆమెను రానివ్వరు. తిట్టరు, కొట్టరు. పిల్లను మెల్లగా ఇంకో చేతికి మారుస్తారు అంతే. ఆమెకు తర్వాత కొడుకు పుడితే వాడికి కాటుక పెట్టనివ్వలేదట అత్త. గ్రూప్ ఫోటోకు నిలబెడితే ఆమె తనంతట తానే చివరకు పోయి నిలబడేది. నన్ను చూస్తే మాత్రం, "బాగున్నవా అన్నా" అనేది. ప్రతిసారీ అనేది. ఒక్కసారైనా మొహం తిప్పుకుంటే నాకెంత హాయిగా ఉండేదో!

మొన్న చలికాలంలో సింధు వచ్చింది, పదో తరగతి హాల్ టికెట్‌కు ఫోటో కావాలని. ఏపుగా ఎదిగింది, వాళ్లమ్మ నవ్వే వచ్చింది. ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టగానే నా చెయ్యి దానంతటదే ఆ కంటి మీదికి పోయింది. బొమ్మ కన్ను కదా, చూపు కొంచెం పక్కకు ఉంటుంది.

"వద్దు మామా, ఎట్లున్నదో గట్లనే ఉంచు," అంది. నేను ఉలిక్కిపడ్డాను. నేను బాధపడ్డాననుకుందో ఏమో, తనే నవ్వుతూ అంది: "నాకేం ఫికర్ లేదు మామా. మా అమ్మ తెల్వక జేసింది. నేనెప్పుడో మాఫ్ జేసిన."

ఆ పిల్ల వెళ్లాక షట్టర్ సగం దించుకుని నేల మీద కూలబడ్డాను. ఇంత వయసొచ్చినవాణ్ని, ఏడిస్తే ఎవరైనా చూస్తారని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. కూతురు తల్లిని క్షమించిందట. దేనికి? ఆ తల్లి ఏం చేసింది? ఆ తండా మొత్తంలో ఆ కన్నును ముందు చూసింది ఆమె ఒక్కతే. ముందు భయపడింది ఆమె. బస్సుల్లేని రోజుల్లో ఎండలో పిల్లనెత్తుకుని నడిచొచ్చి, అడగాల్సిన మనిషినే, అడగాల్సిన మాటే అడిగింది.

ఇంతవరకు రాసి మడిచి పెట్టాను. మూడు రోజులు దాని వంక చూడలేదు. నిన్న పొద్దున ఆ అయిదు ఫోటోలూ, ఏమీ దిద్దనివి, పెద్ద సైజులో ప్రింటు తీసుకుని తండాకు పోయాను.

శాంతి వాకిట్లో కూర్చుని ఎండుమిర్చిలో తాలు కాయలు ఏరుతోంది. అత్త పక్కన మంచం మీద ఉంది. సింధు చదువుకుంటోంది. బాలు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు, పోయి పది రోజులైందట. "రా అన్నా, కూసో," అంది. కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్నవన్నీ పోయాయి. ఫోటోలు ఆమె చేతిలో పెట్టి, "గివి అసలు ఫోటోలు చెల్లె. నువ్వు నన్ను అడిగిననాడు గివి నా దగ్గరనే ఉన్నయి. నేను సూసిన. గదేందో నాకెరుకే. నీకు అబద్ధం జెప్పిన," అన్నాను. డాక్టరమ్మ సంగతి చెప్పాను. కన్ను ఎలా మార్చానో చెప్పాను. బాలుకు ఏ ఫోటో ఇచ్చానో అదీ చెప్పాను.

ఆమె అయిదు ఫోటోలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. మిర్చి ఘాటుకు చెయ్యి కళ్లకు తగలకుండా మోచేత్తో మొహం తుడుచుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"గప్పుడే తీస్కపోతే, కన్ను దక్కునా?"

"దక్కునేమో," అన్నాను. ఇంకేం చెప్పను? కచ్చితంగా దక్కేదని చెప్పడానికి నేను డాక్టర్ని కాను. దక్కేది కాదని చెప్పడానికి నాకు నోరు లేదు.

సింధు లేచి వచ్చి తల్లి భుజం మీంచి ఫోటో చూసింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, "అమ్మా, నన్ను మాఫ్ జెయ్యే" అని వెక్కివెక్కి ఏడ్చింది. అత్త మంచం మీంచి దిగి ఒక ఫోటో తీసుకుని కళ్ల దగ్గరగా పెట్టుకుంది. వాళ్ల భాషలో కోడలితో ఏదో అంది. నాకు ఆ భాష రాదు. శాంతి మిగతా ఫోటోలు చేతిలో పట్టుకుని లేచింది, చెప్పులు వేసుకుంది, పక్కింటి గుమ్మం ముందుకు పోయి పిలిచింది.

నేను వాకిట్లోనే నిలబడిపోయాను. సింధు కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "నువ్వు గూడ పో మామా. నీ నోటితోనే జెప్పు," అంది.

పోయాను. ప్రతి గుమ్మం దగ్గరా శాంతి వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పేది, ఫోటో చూపించేది, పక్కకు జరిగేది. అప్పుడు నేను చెప్పాలి. "నేను సూసిన, నాకెరుకే, అయినా దాసిన. కన్ను పసరుతోని పోలే." మొదటి ఇంటి దగ్గర మాట సగంలో ఆగిపోయింది, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నాలుగో ఇంటి ఆయన నా కాలరు పట్టుకున్నాడు, శాంతి వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. జాలితో కాదు. ఇంకా చెప్పాల్సిన ఇళ్లున్నాయని. ఒక ముసలాయన, "గిన్నేండ్లు ఎట్ల ఊకున్నవ్‌ర?" అని అడిగాడు. తల దించుకున్నాను, ఆయన ఉమ్మేసి లోపలికి పోయాడు. ఆ ముప్పై గడపల్లో ఒక్కచోట కూడా ఎవరూ నన్ను కూర్చోమనలేదు.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే కదా? మీరు కూడా నన్ను క్షమించకండి. మీ పిల్లల ఫోటోల్లో కళ్లు చూడండి, అది చాలు. ఇప్పుడు ఫోన్లు కూడా వాటంతటవే మొహాలు దిద్దేస్తున్నాయి, ఆ దిద్దుబాటు తీసేసి చూడండి. ఒకే కంట్లో మళ్లీ మళ్లీ తెలుపు కనపడితే ఎవరు ఏం లేదన్నా నమ్మకండి. నాలాంటివాడు అంటే అసలే నమ్మకండి.

చివరి ఇంటి దగ్గరికి వచ్చాం. ఆ మాట పూర్తిగా, సాఫీగా వచ్చింది. గుండెల మీంచి ఏదో దిగినట్టయింది, అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది. శాంతి ఫోటోలు కొంగులో చుట్టుకుని వెనక్కి తిరిగింది. నా పక్క నుంచే నడుచుకుంటూ పోయింది, నన్ను చూడలేదు. దారిలో ఒకావిడ గుమ్మంలోంచి ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఆమె ఆగకుండా తన ఇంటికి వెళ్లిపోయింది.